కోడలు ఎరిగిన ముఖం

ఏలూరులో కాలవ గట్టుకి దగ్గర్లో ఒక అద్దె ఇంటి వీధిగదిలో కూర్చుని నేను బొమ్మలు వేసిన రోజులవి. పంతొమ్మిది వందల ముప్పైలలో మాట. అప్పట్లో నా దగ్గరికి వచ్చేవాళ్లు ముఖం వేయించుకోవడానికి వచ్చేవాళ్లు కారు, పరువు వేయించుకోవడానికి వచ్చేవాళ్లు. ఒక పొగాకు వ్యాపారి పూటంతా కదలకుండా కూర్చుని, చివరికి లేచి బొమ్మ చూసి, "ముఖం ఎలాగున్నా ఫర్వాలేదండి, గడియారం గొలుసు మాత్రం బాగా కనబడాలండి" అన్నాడు. ఇంకో ప్లీడరుగారు చేతిలో లావుపాటి పుస్తకం పట్టుకొచ్చారు. దాని అట్ట మీది అక్షరాలు బొమ్మలో చదవడానికి వీలుగా ఉండాలట. నాకసలే ముక్కు మీద కోపం. "అయితే పుస్తకాన్ని కూర్చోబెట్టి మీరు వెళ్లండి" అనేశాను. ఆయన మళ్లీ రాలేదు. లోపల్నుంచి మా ఆవిడ, "మళ్లీ ఒకాయన్ని సాగనంపేశారా? చేతులు కడుక్కుని భోజనానికి రండి" అంది.

నా పద్ధతి వేరుగా ఉండేది. మనిషి వచ్చి కూర్చోగానే కుంచె పట్టేవాణ్ణి కాదు. ముందు కబుర్లలోకి దింపేవాణ్ణి. మామిడికాయల సంగతి, కొత్త అల్లుడి సంగతి, పక్కింటివాడితో గోడ తగాదా, ఏదో ఒకటి. మాటల్లో పడ్డాక మనిషి తన ముఖాన్ని కాపలా కాయడం మానేస్తాడు. అప్పుడు పెదవి చివర ఒకటి కదులుతుంది, కనుబొమ ఒకటి దిగుతుంది. అదీ నాకు కావలసింది. ఆ ఒక్క కదలిక దొరికితే మిగతా బొమ్మంతా దానంతట అదే వచ్చేస్తుందని నా నమ్మకం.

అలాంటి నా దగ్గరికి ఒక మధ్యాహ్నం గొడుగు చంకన పెట్టుకుని ఒకాయన వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. ఎండలో నడిచొచ్చిన మనిషి. కొల్లేటికోటకి ఇవతల, సరస్సు అంచున ఉన్న ఒక లంక ఊరు వాళ్లది. పొలాలూ, సొంత పడవలూ ఉన్న ఇల్లు. మంచినీళ్లు తాగి, కాసేపు గోడలకి ఆనించిన బొమ్మల్ని చూసి, "ఏవండీ, పోయినవాళ్ల బొమ్మలు వేస్తారాండి?" అన్నాడు.

"వేస్తానండి. ఫొటో తెచ్చారా?"

"లేదండి."

"మరి?"

ఆయన గొడుగు పక్కన పెట్టి చెప్పుకొచ్చాడు. కిందటేడు గాలివానలో ఆయన తమ్ముడు సరస్సు మీద పోయాడు. ఇంటికి వస్తుండగా పడవ తిరగబడింది. పిల్లల్లేరు. భార్య ఉంది, చిన్న వయసు. తమ్ముడి ఫొటో అంటూ ఇంట్లో ఒక్కటీ లేదు.

"మా మరదలు మాతో మాట్లాడదు కదండీ. మా ఆవిడతో అందంటండి. 'అక్కా, ఆయన ముఖం మరిచిపోతున్నాను. ఇదివరకు కళ్లు మూసుకుంటే వచ్చేది. ఇప్పుడు రమ్మన్నా రావట్లేదు. ఉన్న కాస్తా పోయేలోగా ఎవరిచేతన్నా బొమ్మ వేయించమని బావగారికి చెప్పు' అందంటండి. అన్నం ముందు కూర్చుంటుందండి, కలుపుతుందండి, అలాగే ఉండిపోతుందండి."

"మీ అమ్మగారేమంటారు?"

ఆయన మొహమాటపడ్డాడు. "మా అమ్మకి కోపమండి. ఏడాది తిరక్కుండా మొగుడి ముఖం మరిచిపోయిన ఆడదాన్ని నేనెక్కడా చూళ్లేదు అంటదండి. దీనికి వాడి మీద ఎప్పుడు ధ్యాసుంది గనక అంటదండి. ఇంట్లో ఉండలేకపోతున్నామండి బాబూ."

నాకు ఒళ్లు మండింది. ఆయన మీద కాదు, ఆ పని మీద. "చూసిన మనిషినే సరిగ్గా వేయలేక చస్తున్నాను. చూడని మనిషిని ఎక్కణ్ణుంచి తెమ్మంటారండీ?" అన్నాను.

"ఆయ్, మేమంతా చెప్తామండి. అచ్చం మా అమ్మ పోలికండి వాడు. నుదురు మాత్రం నాదేనండి."

తలుపు వెనకనుంచి మా ఆవిడ గాజుల చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. ఒప్పుకోండి అని అర్థం. ఒప్పుకోకపోతే ఆ పూట భోజనం దగ్గర ఏమవుతుందో కూడా తెలుసు. ఒప్పుకున్నాను.

పోయినాయన ఒకే ఒక్క గ్రూపు ఫొటోలో ఉన్నాడని, అది తాడేపల్లిగూడెంలో వాళ్లు ధాన్యం వేసే రైస్‌మిల్లు ఆఫీసులో ఉందని అన్నగారు చెప్పాడు. పాసింజరు ఎక్కి వెళ్లాను. గుమాస్తా స్టూలెక్కి పటం దించి, అద్దం మీది తవుడు దుమ్ము పైపంచెతో తుడిచి ఇచ్చాడు. మిల్లు తెరిచిన రోజు తీసిన ఫొటో. పెద్దమనుషులంతా ఊపిరి బిగబట్టి గుంజల్లా నిలబడ్డారు. వెనక వరసలో ఈయనొక్కడే కదిలాడు. పక్కాయనతో ఏదో అనబోయినట్టున్నాడు, ముఖమంతా పిండి చల్లినట్టు చెరిగిపోయింది. చెవులు మాత్రం దక్కాయి. ఓరి నీ ఇల్లు బంగారం కాను, ఒక్క నిమిషం ఉండలేకపోయావా నాయనా అనుకుంటూ ఆ చెవులే గీసుకుని తిరుగు రైలెక్కాను.

తరవాత ఆ ఊరికి వెళ్లాను. కొంతదూరం బండి, అక్కణ్ణుంచి తాటి దోనె. వానలు వెనకబట్టి సరస్సు నిండుగా ఉంది. కిక్కిసగడ్డి మధ్య దారిలో దోనె పోతుంటే గూడబాతులు ఇష్టం లేనట్టు కాస్త పక్కకి జరిగి మళ్లీ అక్కడే కూర్చుంటున్నాయి. మెరక మీద పెంకుటిల్లు. అరుగు మీద పెద్దావిడ కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. ఆవిడ ముఖం చూడగానే నా చెయ్యి జేబులో పెన్సిలు కోసం వెళ్లింది. గట్టి దవడ, కిందికి దిగిన కనుబొమలు, ఎవరిమాటా వినని పెదాలు. కొడుకుది ఈ పోలికే అయితే సగం పని అయిపోయినట్టే అనుకున్నాను.

ఇక చూడాలి తమాషా. ఊరు ఊరంతా అరుగు చుట్టూ మూగింది. నేను గీత గీస్తే చాలు, పది నోళ్లు లేచేవి. "ముక్కు ఇంకాస్త సాగాలండి." "సాగితే వాళ్ల మేనమామ అయిపోతాడండి!" "మీసం అంత ఒత్తు కాదండి బాబూ." "నువ్వెప్పుడు చూశావులే మీసం!" చెరపడం, గీయడం, మళ్లీ చెరపడం. కాగితం చిరిగేదాకా వచ్చింది. నేను పెన్సిలు కింద పెట్టి, "మీరే గీసుకోండి, నేను దోనెలో కూర్చుంటాను" అని లేచాను. అన్నగారు చేతులు పట్టుకుని కూర్చోబెట్టాడు.

లోగుమ్మం తలుపు చాటున తెల్లచీర అంచు కనబడుతోంది. బొమ్మ కావాలన్నది ఆ మనిషి కదా అని అటు తిరిగి, "అమ్మా, మీరేమంటారు? కళ్లు సరిపోయాయా?" అన్నాను.

పెద్దావిడ అందుకుంది. "దాన్నడుగుతావేంటి నాయనా? ముఖం మరిచిపోయానని చెప్పుకుంటున్న మనిషిని! నన్నడుగు. వాణ్ణి కన్నదాన్ని."

చీర అంచు లోపలికి పోయింది.

పొద్దు వాలేసరికి బొమ్మ కుదిరింది. పెద్దావిడ కాగితం ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఇదేరా. వీడే" అంటూ వేళ్లతో బుగ్గ మీద నిమిరింది. పెన్సిలు గీతంతా చెరిగి ఆవిడ వేళ్లకి అంటుకుంది. అంతసేపూ ఆవిడ మీద నాకున్న చిరాకంతా అక్కడే పోయింది.

ఏలూరు వచ్చి గుడ్డ మీద ఆయిలు రంగులతో మొదలుపెట్టాను. నా గదికి ఉత్తరం వైపు పెద్ద కిటికీ ఉంది. పొద్దున్నే ఆ కిటికీలోంచి తేటగా పడే వెలుతురులో ఆ ముఖాన్ని నిలబెట్టాను. సూటిగా చూసే చూపు, తల్లి దవడ, అన్న నుదురు, తాడేపల్లిగూడెం చెవులు. నా సొంత డప్పు అనుకోకపోతే, అప్పటిదాకా నేను వేసిన ముఖాల్లో అదే బాగా వచ్చింది. సంవత్సరీకానికి ముందే తీసుకువెళ్లి సావిట్లో గోడకి ఆనించి, కప్పిన గుడ్డ తీశాను.

పెద్దావిడ భోరుమంది. అన్నగారు తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని అటు తిరిగిపోయాడు. "అచ్చం ఆయనేనండి! పిలిస్తే పలికేలాగున్నారండి!" అని వచ్చినవాళ్లంతా అన్నారు. నేను ఉబ్బి తబ్బిబ్బయ్యాననే చెప్పాలి.

అప్పుడు తోడికోడలు ఆ అమ్మాయిని చెయ్యి పట్టుకుని లోగుమ్మం దాకా తీసుకొచ్చింది. ఆ అమ్మాయి తల మీద ముసుగు కాస్త ఎత్తి చూసింది. చూస్తూనే ఉంది. ఆ కళ్లల్లో ఏదో వెతుకులాట. ఆఖరికి తోడికోడలి చెవిలో ఏదో అంది. తోడికోడలు ఇబ్బందిగా నావైపు చూసి, "ఆయన కాదంటోందండి" అంది.

ఒక్కసారిగా గోల. నాకు చెంప మీద కొట్టినట్టయింది. "ఎక్కడ తేడా ఉందో చెప్పమనండి, ఇప్పుడే దిద్దుతాను" అన్నాను, కొంచెం కరుకుగానే. ఆ అమ్మాయి చెప్పలేకపోయింది. ముక్కూ కళ్లూ అవేనట. మనిషి మాత్రం ఆయన కాదట. తరవాత సన్నటి గొంతుతో తనే అంది, అందరికీ వినబడింది. "దీన్ని గోడకి కట్టొద్దని చెప్పక్కా. రోజూ దీన్నే చూస్తే నా దగ్గరున్న కాస్తా కూడా పోతుంది."

"చూశావా నాయనా?" అంది పెద్దావిడ. "ఊరంతా గుర్తుపట్టింది. కట్టుకున్నది గుర్తుపట్టలేదు. ఇంకా ఏం చెప్పను?" అని కొడుకు చేత అప్పటికప్పుడు మేకు కొట్టించి పటం సావిట్లోనే కట్టించింది.

కొన్నాళ్లకి అన్నగారు ఏదో పనిమీద ఏలూరు వచ్చి చెప్పాడు. మరదలు సావిట్లో అడుగుపెట్టడం మానేసిందట. ముందుగదిలోకి రావాలన్నా పెరటివైపునుంచి ఇల్లంతా చుట్టి వస్తోందట. సావిడి గుమ్మం ముందునుంచి పోవలసి వస్తే పటం కంటపడకుండా కళ్లు మూసుకుంటోందట. "బొమ్మ వేయించి తప్పు చేశామేమోనండి" అన్నాడు.

ఆయన వెళ్లాక నా కోపమంతా మా ఆవిడ దగ్గర కక్కాను. ఆవిడ కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు తరుగుతోంది. "మొగుడు ఎదురుగుండా నిలబడ్డా ఆనవాలు పట్టలేని ఆడది! ఇన్నేళ్లు ఏం చూసిందే ఆవిడ?" అన్నాను.

మా ఆవిడ తల ఎత్తలేదు. "మీ ముఖం నేను పగలు సరిగ్గా చూసింది ఎప్పుడనుకుంటున్నారు?" అంది.

"ఎప్పుడంటే? పెళ్లప్పుడు!"

"పెళ్లిలో మీ కాళ్లు చూశాను. తరవాత మీ అమ్మగారింట్లో ఉన్నన్నాళ్లూ మీరు సావిట్లో, నేను వంటింట్లో. మీరెదురైతే తల దించుకుని తప్పుకోవడమే. అత్తగారూ బావగారూ ఉండగా మొగుడి ముఖంలోకి చూస్తే ఎంత తప్పు! మిమ్మల్ని నేనెప్పుడు చూశాను? దీపం పెట్టాక, మన గదిలో. అదీ ఒక పక్కనుంచి." కత్తిపీట ఆపి నవ్వింది. "ఏలూరు వచ్చి వేరు కాపరం పెట్టిన మర్నాడు పొద్దున్న మీరు వీధిగుమ్మంలో నిలబడి పళ్లు తోముకుంటుంటే చూసి హడలిపోయాను. ఎవరీయన, మా ఇంట్లో ఏం చేస్తున్నాడు అని. ఒక్క క్షణమేలెండి. మీ గడ్డం కింద మచ్చ ఉందని కూడా ఆవేళే తెలిసింది."

నా చెయ్యి దానంతటదే గడ్డం కిందికి వెళ్లింది.

"పాపం ఆ పిల్ల వేరు కాపరం పెట్టలేదు కదా. ఆయన్ని ఎండలో చూసి ఎరగదు. ఆవిడ అడిగింది తన దగ్గరున్న మనిషిని. మీరేమో వాళ్లమ్మగారి అబ్బాయిని వేసి ఇచ్చారు" అని మళ్లీ బెండకాయలు తరుక్కోసాగింది.

ఆ వారంలోనే మళ్లీ ప్రయాణం కట్టాం. ఈసారి మా ఆవిడ కూడా వచ్చింది. పరాయి మగవాడు వెళ్లి ఆ వయసు పిల్లని గుచ్చి గుచ్చి అడిగేందుకు లేదు. దోనె ఊగినప్పుడల్లా నా భుజం పట్టుకుని దేవుళ్లందర్నీ పిలుస్తూ వచ్చింది గానీ, ఇంట్లో అడుగు పెట్టగానే ఏళ్ల నుంచీ ఎరిగిన చుట్టంలా తిన్నగా ఆ అమ్మాయి గదిలోకి వెళ్లిపోయింది. కాసేపటికి బయటికి వచ్చి, గది తలుపు ఇవతల నాకు పీట వేసి, "ఆవిడ సరేనంది. మీరు వినండి. నోరు మాత్రం విప్పకండి" అంది. తలుపు ఓరగా వేసింది.

"దీపం ఎక్కడ పెట్టేదానివమ్మా?" అని అడిగింది లోపల.

"కిందనండి, అక్కగారూ. కిటికీలోంచి కొల్లేటి గాలి కొడుతుందండి. కిరసనాయిలు బుడ్డి ఆరిపోతుందని మంచంకోడు చాటున నేల మీద పెట్టేదాన్నండి."

"ఆయన?"

"మంచం మీద కూర్చునేవారండి. నేను దీపం పక్కన, గోడకి ఆనుకుని. అందరి భోజనాలూ అయి, గిన్నెలు కడిగి నేను వచ్చేసరికి వారు కూర్చునే ఉండేవారండి. నిద్రపోయేవారు కాదండి."

"ఏం మాట్లాడేవారు?"

"నవ్వేవారండి" అంది. "పైకి కాదండి. పక్కగదిలో అత్తయ్యగారుంటారు కదండీ. ఏదో చెప్పబోయేవారు, చెప్పకుండానే నవ్వొచ్చేసేదండి. బయటికి వినబడకూడదని పెదాలు బిగించేసేవారు. ఇదిగో, పెదవి ఈ ఎడంపక్క ముందు జారిపోయేదండి, ఆగేది కాదు. బుగ్గలు ఉబ్బిపోయి, కళ్లంట నీళ్లొచ్చేసి... నన్ను నవ్వొద్దని చెయ్యూపేవారు, తనే నవ్వుతా..."

గాలి గట్టిగా పీల్చిన చప్పుడు వినిపించింది.

"అక్కగారూ, వచ్చారండి. ఇప్పుడు కనబడుతున్నారండి" అంది. తరవాత ఏడుపు. మా ఆవిడ కూడా ఏడుస్తోందని గొంతు వింటే తెలిసింది. తలుపు ఇవతల నా పరిస్థితీ ఏం గొప్పగా లేదు. ఆ పిల్ల పోగొట్టుకుంటున్నది ఏమిటో నాకు అప్పటికిగాని అర్థం కాలేదు. ఆ ముఖాన్ని చూసిన మనిషి ప్రపంచం మొత్తం మీద ఆమె ఒక్కర్తే. ఆమె మరిచిపోతే ఇంకెవరూ గుర్తుచేయలేరు.

అన్నగారిని ఏలూరు రప్పించాను. ఎముకలైనా అవే కదా. గది కిటికీలన్నీ మూసేసి, మంచం మీద ఆయన్ని కూర్చోబెట్టి, నేల మీద బుడ్డిదీపం పెట్టి మొదలుపెట్టాను. మొదటి రెండు ప్రయత్నాలూ తగలెయ్యడానికి పనికొచ్చాయి. కింద నుంచి వెలుతురు పడ్డ ముఖం ఎవరిదైనా సరే, నాటకంలో రాక్షసుడి ముఖమైపోతుంది. కళ్ల గుంటలు పైకి పాకుతాయి, ముక్కు నీడ నుదుటి మీదికి ఎక్కుతుంది. మా ఆవిడ ఒకసారి తొంగి చూసి, "అమ్మ బాబోయ్, దయ్యంలా ఉన్నాడండీ! ఆ పిల్ల జడుసుకుంటుంది" అంది.

"నువ్వొచ్చి వెయ్యి అయితే!" అని అరిచాను.

ఆవిడ వెయ్యలేదుగానీ, అన్నగారికి మంచినీళ్ల చెంబు అందించి, కాళ్లు నొప్పెట్టి కాబోలు, దీపం పక్కనే గోడకి ఆనుకుని కూలబడింది. లేత పసుపు చీర కట్టుకుని ఉంది. ఆ చీర మీద పడ్డ వెలుతురు తిరిగి మంచం వైపు వెళ్లింది. మంచం మీది ముఖంలో నీడలన్నీ మెత్తబడ్డాయి. కళ్ల గుంటల్లోకి వెచ్చదనం వచ్చింది. "కదలకు! నువ్వక్కణ్ణుంచి కదిలావో చంపేస్తాను!" అన్నాను. దీపం ఒక్కటే ఉంటే దయ్యం. దీపం పక్కన ఆమె కూర్చుని ఉంటే, మొగుడు. ఇంతేనా, ఇంతసేపు నాకు తట్టలేదేమిటి అనిపించింది. నేను కూడా నేల మీద, మా ఆవిడ పక్కనే చతికిలబడి, అక్కణ్ణుంచే తల ఎత్తి చూస్తూ వేశాను.

నవ్వు సంగతి మాత్రం అన్నగారి వల్ల కాలేదు. నవ్వు ఆపుకోమంటే కడుపునొప్పి వచ్చినవాడిలా పెట్టాడు ముఖం. ఆయన్ని పంపించేసి, అద్దం ముందు పెట్టుకుని నేనే కూర్చున్నాను. మా ఆవిడ వెనక నిలబడి పొగాకు వ్యాపారి నడకా, ప్లీడరుగారి దగ్గూ చేసి చూపించింది. పెదాలు బిగించాను. ఎడమ పక్క జారింది. అది పట్టుకున్నాను.

బొమ్మ తీసుకుని వెళ్లిన రోజు, దాన్ని సావిట్లో విప్పడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు. దీపాలు పెట్టే వేళదాకా ఆగి, ఆ అమ్మాయి గదిలోనే, మంచం మీద గోడకి ఆనించి నిలబెట్టించింది. దీపం నేల మీద పెట్టించింది. నేనూ, అన్నగారూ గుమ్మం బయటే నిలబడ్డాం. పెద్దావిడ మాత్రం, "నా కొడుకు బొమ్మ నేను చూడకూడదా?" అంటూ అందర్నీ తోసుకుని ముందు వచ్చింది. వచ్చి, చూసి, బిర్రబిగుసుకుపోయింది.

"ఎవడు వీడు?" అంది. "ఇదేం వేషం నాయనా? పోయినవాణ్ణి పట్టుకుని ఇలా వికారంగా... నా కొడుకు ఇలా నవ్వగా నేనెన్నడూ చూళ్లేదు."

ఇదీ పోయిందా అనుకున్నాను.

అప్పుడు కోడలు వచ్చింది. బొమ్మ వైపు తిన్నగా నడవలేదు. దీపం పక్కకి వెళ్లి, గోడకి ఆనుకుని, కింద కూర్చుంది. కూర్చుని తల ఎత్తింది. ముసుగు వెనక్కి జారిపోయింది. గుమ్మంలో బావగారున్నాడనీ, పరాయివాణ్ణి నేనున్నాననీ ఆమెకి గుర్తులేదు.

"వచ్చారా?" అంది.

అంతే. మామూలుగా, పొద్దుపోయి ఇంటికొచ్చిన మనిషిని అడిగినట్టు. ఏడవలేదు. చూస్తూ చూస్తూ ఉండగా ఆమె పెదాలు కూడా బిగుసుకున్నాయి, నవ్వు ఆపుకుంటున్నట్టు. అది చూసి మా ఆవిడ చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

పెద్దావిడ బొమ్మని చూడ్డం మానేసి కోడల్ని చూస్తోంది. తరవాత మళ్లీ బొమ్మని. మళ్లీ కోడల్ని. ఆవిడ ముఖం మీద నేను వేలు పెట్టి చూపించగలిగే మార్పు ఏదీ లేదు, కానీ ఆ దవడ గట్టితనం ఎక్కడో సడలింది. మెల్లిగా మంచంపట్టె పట్టుకుని కోడలి పక్కన నేల మీద కూర్చుంది. ఆవిడా తల ఎత్తి చూసింది.

"ఏమే, నీ దగ్గర ఇలా ఉండేవాడా వాడు?" అంది.

కోడలు తల ఊపింది.

"ఇంత సంతోషంగానా?"

"రోజూనండి, అత్తయ్యగారూ."

"ఇది ఇక్కడే ఉంచండి. సావిట్లో వద్దు. నేనే వచ్చి చూసుకుంటాను" అని పెద్దావిడ మాతో చెప్పి, మళ్లీ కోడలి వైపు తిరిగింది. "ఏం చెప్పి నవ్వేవాడే అంతగా?"

ఆ అమ్మాయి బెదిరిపోయి తల దించుకుంది.

"చెప్పు. నేనేమీ అనను."

"మీ గురించేనండి" అంది వినీ వినబడకుండా. "మీరు తిట్టింది తిట్టినట్టు, మీలాగే అనేవారండి."

అన్నగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఇక ఇల్లు ఎగిరిపోతుందనుకున్నాడు కాబోలు.

"ఎలా అనేవాడు?" అంది పెద్దావిడ. "అని చూపించు."

కోడలు తల అడ్డంగా ఊపింది. అత్తగారు ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. ఆ అమ్మాయి బొమ్మ వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకుని, కనుబొమలు కిందికి దించి, ఒక చెయ్యి నడుం మీద పెట్టి, మగగొంతుతో పెద్దావిడ కేకని అనుకరించింది. "ఆ బాతుల్ని చూసన్నా బుద్ధి తెచ్చుకోరా! పొద్దుగూకితే కొంపకి చేరాలని వాటికున్నపాటి జ్ఞానం నీకు లేదు కదరా!"

అచ్చం ఆవిడే. ఆవిడని వెక్కిరిస్తున్న కొడుకూ అచ్చం ఉన్నాడు అందులో, నేను ఎన్నడూ వినని ఆ గొంతు కూడా.

పెద్దావిడకి నవ్వొచ్చేసింది. ఆపుకోబోయి పెదాలు బిగించింది, ఎడమపక్క ముందు జారింది. నవ్వుతూనే ఏడుపులోకి వెళ్లిపోయింది. చెంగుతో ముఖం తుడుచుకుని, కోడలి చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని, "ఇంకోసారి అనవే" అంది.